ఏళ్ల తరబడి షేప్‌ఫైల్‌తో వేగి, జియోప్యాకేజ్‌కి మారాక

చెరువులు, కాలువలు, ఊరి హద్దులు. నా పనంతా వీటి మ్యాపులతోనే. 2012లో మొదలుపెట్టినప్పుడు మ్యాప్ డేటా దాచుకోవడానికి షేప్‌ఫైల్ అనే ఫైల్ రకం కాకుండా ఇంకోటి ఉంటుందని కూడా తెలీదు, ఎవరు డేటా ఇచ్చినా అందులోనే ఇచ్చేవాళ్లు, ఇప్పటికీ చాలామంది అంతే.

పేరుకి ఒక ఫైలు గానీ నిజానికి అదొక ఉమ్మడి కుటుంబం. గీతలు ఎస్‌హెచ్‌పీలో, వాటి సూచిక ఎస్‌హెచ్‌ఎక్స్‌లో, పట్టిక డీబీఎఫ్‌లో, ఏ ప్రొజెక్షనో (గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదికి దించే పద్ధతి) చెప్పే పీఆర్‌జే వేరే. "అన్నా, చెరువుల ఫైల్ పంపాను చూడు" అని వాట్సాప్‌లో ఒక్క ఎస్‌హెచ్‌పీ పంపేవాళ్లు ఎంతమందో! తంటాలు పడి తెరిస్తే ఆకారాలు వస్తాయి, చెరువు పేరుండదు, ఆయకట్టు ఉండదు. పీఆర్‌జే రాకపోతే ఇంకో తలనొప్పి. భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే యూటీఎం పద్ధతిలో జోన్ 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మారుతుంది కదా, అనంతపురం 43లో, హైదరాబాద్ 44లో పడతాయి, ఏది పెట్టాలో మనమే ఊహించుకోవాలి.

నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం కాలమ్ పేర్లు. 10 బైట్లు (ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు) దాటితే షేప్‌ఫైల్ కోసేస్తుంది. 2001, 2011 జనాభా లెక్కలకి 'పాపులేషన్' అని ఇంగ్లిష్‌లో రాసి, పక్కన ఏడాది తగిలించి రెండు కాలమ్‌లు పెట్టుకున్నాను. ఆ పదమే సరిగ్గా 10 అక్షరాలు, ఏడాది రెండింట్లోనూ ఎగిరిపోయింది. రెండోదానికి సాఫ్ట్‌వేరే తోకలో ఒకటి అంకె తగిలించింది. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాక పాత హద్దులతో పోల్చాల్సి వచ్చి ఆ ఫోల్డర్ తీస్తే, ఏది ఏ ఏడాదో నాకే అర్థం కాలేదు. సెన్సస్ పట్టికలు పక్కన పెట్టుకుని ఒక్కో ఊరూ సరిచూసుకున్నాను, రెండు రోజులు పోయాయి. తెలుగులో పేరు పెడదామంటే మరీ ఘోరం, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో గ, పొల్లు, ర కలిపితేనే 9 బైట్లు, 'గ్రామం'లో 'గ్ర' దాటి ఏమీ పట్టదు.

2018లో మ్యాపులు గీసుకునే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ 3 వచ్చాక జియోప్యాకేజ్‌కి మారాను. ఒకే ఫైలు, లోపల ఉండేది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. పొడవాటి తెలుగు పేర్లు, ఒకే దాంట్లో చెరువులూ కాలువలూ హద్దులూ, రంగులు కూడా అందులోనే దాచుకోవచ్చు. ఇప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లమంటే వెళ్లను.

అయితే ఒక మెలిక ఉంది. క్యూజీఐఎస్‌లో తెరిచి ఉండగా పక్కన 'వాల్' అని ఇంకో చిన్న ఫైలు పుడుతుంది, తాజా మార్పులు కొన్ని అందులోనే ఉండొచ్చు. ఓసారి క్యూజీఐఎస్ మూసేయకుండానే పెన్‌డ్రైవ్‌లోకి అసలు ఫైలు ఒక్కటే కాపీ చేసుకుని వెళ్లాను, ఆ రోజు గీసిన 40 చెరువులు అక్కడ లేవు, మీటింగ్‌లో టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇద్దరు కలిసి నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఒకే ఫైల్ మీద ఎడిటింగ్ చేయడం కూడా వద్దు, లాక్ అయి కూర్చుంటుంది.

వెబ్‌లో చూపించడానికి జియోజేసన్ అనే ఇంకో ఫైల్ రకం బాగుంటుంది, దాచుకోవడానికి కాదు, పెద్ద డేటా అయితే ఉబ్బిపోతుంది. అందులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. మా కుర్రాడొకడు తిరగేసి రాస్తే నల్గొండ చెరువులన్నీ ఆర్కిటిక్‌లో, స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలాయి, ఇప్పటికీ వాణ్ని ఏడిపిస్తుంటాం.

ఇప్పుడు పని అంతా జియోప్యాకేజ్‌లోనే. ప్రాజెక్ట్ అయిపోయాక మాత్రం దాంతోపాటు హద్దుల్ని మామూలు అక్షరాల్లో రాసిన సీఎస్‌వీ పట్టిక ఒకటి, ఏ కాలమ్ ఏమిటో, జోన్ ఏదో, ఏ తేదీ నాటి హద్దులో రాసిన నోట్‌ప్యాడ్ ఫైలొకటి పెడతాను. ఆఫీసులవాళ్లు ఇప్పటికీ షేప్‌ఫైలే కావాలంటారు, సరే అని ఇస్తాను, కాకపోతే అన్నీ కలిపి జిప్ చేసి, కాలమ్ పేర్లు ముందే పది అక్షరాల లోపు నేనే కుదించి.