పాత టీవీని మానిటర్‌గా కుదిర్చిన రిపేరు దుకాణం

నల్లగొండలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి దగ్గరగా కూర్చుని దస్తావేజులు టైపు చేయడం నా వృత్తి. మొన్నటి ఎండాకాలంలో మానిటర్ పాడైనప్పుడు, ఇంట్లో కొత్త టీవీ రావడంతో మూలన పడిన 32 అంగుళాల పాత టీవీని తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాను. ఎదురుగా కూర్చున్న అమ్మేవారు, కొనేవారు కూడా సర్వే నంబర్లు, హద్దులు తామే చదివి సరిచూసుకోవచ్చునని ఆశపడ్డాను.

చిత్రం వచ్చింది కాని నాలుగు వైపులా అంచులు తెగిపోయాయి. కింద టాస్క్‌బార్ సగమే కనిపించేది, కిటికీని మూసే గుర్తును మూలన అంచనాతో నొక్కవలసి వచ్చేది. అంతకన్నా పెద్ద చిక్కు అక్షరాలతో వచ్చింది. ‘వ’కు, ‘ప’కు, ‘ష’కు మధ్య తేడా అంతా చిన్న చిన్న గీతల్లోనే ఉంటుంది, ఆ గీతలు అలుక్కుపోతే ఒక పేరును మరొక పేరుగా చదివే ప్రమాదం ఉంది. దస్తావేజులో పేరు తప్పు పడితే, తరువాత సవరణ దస్తావేజు కోసం అందరూ మళ్ళీ కార్యాలయానికి రావలసిందే.

మొదట వెళ్ళిన దుకాణంలో ఏమీ పరీక్షించకుండానే కంప్యూటర్ నుండి టీవీకి చిత్రాన్ని మోసే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను తొమ్మిది వందల రూపాయలకు చేతిలో పెట్టారు. దానితో మార్పేమీ రాకపోతే గ్రాఫిక్స్ కార్డు మార్చుకోమన్నారు. ఆ కేబుల్ ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

తరువాత ప్రకాశం బజార్ వైపు ఒక సందులో ఉన్న చిన్న రిపేరు దుకాణానికి వెళ్ళాను. రేపు వస్తానన్న యువకుడు మూడవ రోజు వచ్చాడు. వచ్చినవాడు కంప్యూటర్‌ను ముట్టుకోకుండా టీవీ రిమోట్ అందుకోవడం నాకు వింతగా తోచింది. “కేబుల్ ఏం చేస్తది సార్, టీవీయే బొమ్మను గుంజుతున్నది,” అన్నాడు. డబ్బా టీవీల కాలంలో చిత్రం అంచులు సమంగా ఉండేవి కావు కనుక, చిత్రాన్ని కొద్దిగా పెంచి ఆ అంచులను చట్రం వెనుక దాచేవారట. దీనినే ఓవర్‌స్కాన్ అంటారు. పలక టీవీలు వచ్చిన తరువాత దాని అవసరం తీరిపోయినా, ఆ అలవాటు మాత్రం చాలా టీవీలలో మిగిలిపోయింది. పిక్చర్ సైజు అనే చోట 16:9 తీసివేసి ‘స్క్రీన్ ఫిట్’ పెట్టగానే టాస్క్‌బార్ మొత్తం పైకి వచ్చింది. ఇదే సదుపాయానికి కొన్ని టీవీలలో ‘జస్ట్ స్కాన్’ అనే పేరు ఉంటుంది.

అంచులు వచ్చినా అక్షరాల మసక పోలేదు. నా టీవీ పలకలో ఉన్న చుక్కలు 1366×768 మాత్రమే, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768. కాని హెచ్‌డీఎంఐ ద్వారా అది కంప్యూటర్‌కు 1920×1080 కూడా తీసుకోగలనని చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి అంత పెద్ద చిత్రాన్ని పంపుతుంది. దానిని టీవీ తన తక్కువ చుక్కల్లోకి కుదించే క్రమంలో సన్న గీతలు చెదిరిపోతాయి. సినిమాలో తెలియని ఈ లోపం అక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1280×720 పెట్టినా అంతే, అప్పుడు కుదింపుకు బదులు సాగదీత జరుగుతుంది.

పాత మానిటర్‌కు వాడిన వీజీఏ తీగ ఉందా అని అతడు అడిగాడు. అటకమీద నుండి తీసి ఇచ్చాను. దానిని టీవీ వెనుక పీసీ అని రాసి ఉన్న రంధ్రానికి తగిలించి, విండోస్‌లో టీవీ చుక్కలకు దాదాపు సరిపోయే 1360×768 ఎంచుకున్నాడు. 1366 ఎందుకు కాదని అడిగాను. వీజీఏ కాలం నుండి తెర వెడల్పును ఎనిమిదుల లెక్కన కొలిచే పద్ధతి ఉందని, 1366 ఎనిమిదితో నిశ్శేషంగా భాగింపబడదని వివరించాడు. పక్కలకు పోయే ఆ ఆరు చుక్కలు కంటికి ఆనవు. చివరకు టీవీలో అంచులను పదును చేసే షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించడంతో అక్షరాల చుట్టూ ఉన్న తెల్లని అంచు పోయింది. ‘ష’ లోపలి గీతను కుర్చీలో వెనక్కి వాలి కూడా చదవగలిగాను.

ఇంట్లో ఇంకా ఎక్కువ చుక్కలుండే కొత్త 4కె టీవీకి మా అబ్బాయి ల్యాప్‌టాప్ తగిలిస్తే మౌస్ బాణం ఎగిరెగిరి పడుతోందని కూడా అడిగాను. ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ 1.4 రకానిదైతే 4కె చిత్రాన్ని సెకనుకు 30 సార్లకు మించి పంపజాలదని, 1920×1080కి దిగితే 60 వస్తుందని చెప్పాడు. ఇంటికి వెళ్ళి అలాగే మార్చాము, సరిపోయింది.

మూడు వందల రూపాయలు తీసుకున్నాడు. వస్తువేదీ అంటగట్టకుండా ఉన్న తీగతోనే పని ముగించినందుకు ఆ సొమ్ము నాకు ఎక్కువ అనిపించలేదు. అయితే చెప్పిన రోజుకు రాకపోవడం, రసీదు ఇవ్వకపోవడం లోపాలే. ఏయే మార్పులు చేశాడో ఒక కాగితం మీద రాసి ఇచ్చినా బాగుండేది. పక్క వారంలో మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌ను ఈ పాత టీవీకున్న హెచ్‌డీఎంఐ రెండవ రంధ్రానికి తగిలించగా అంచులు మళ్ళీ తెగిపోయాయి. ఫోన్ చేస్తే, నా టీవీలో పిక్చర్ సైజు ఏ రంధ్రానికి ఆ రంధ్రానికి విడిగా పెట్టుకోవాలని చెప్పాడు. ఈసారి రిమోట్ నేనే పట్టుకున్నాను, నిమిషంలో సరైంది.