మొదట క్రోషేనా, నిట్టింగా?

దారంతో అల్లిక నేర్చుకోవాలనుకుని, కొక్కెం ఉన్న ఒక్క సూదితో క్రోషే మొదలుపెట్టడం మేలా, రెండు సూదులు పట్టి నిట్టింగ్ మొదలుపెట్టడం మేలా అని అడిగేవారికి నేను క్రోషే అనే చెబుతాను. నిట్టింగ్‌లో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి కనుక, అరవై కుట్ల వరుసలో ఏ ఒక్కటి జారినా అది కింది వరుసలకు నిచ్చెనలా విడిపోతుంది. క్రోషేలో సాధారణంగా సూదికి ఉండేది ఒకే ఉచ్చు. తప్పు జరిగితే దారం లాగి, అక్కడిదాకా విప్పి, మళ్లీ అల్లుకోవచ్చు.

క్రోషేలో తొలి పనిగా చాలామంది మఫ్లర్ ఎంచుకుంటారు. నాకది నచ్చదు. ఒకే వరుసను పదేపదే అల్లడం విసుగు పుట్టిస్తుంది. పైగా వరుస చివరి కుట్టు కంటికి ఆనక వదిలేస్తే అంచు లోపలికి వాలిపోతుంది. నా మొదటి మఫ్లర్ అలాగే ఒక కొస వెడల్పుగా, మరో కొస సన్నగా తయారైంది. దానికంటే గ్రానీ స్క్వేర్లు, అంటే నడుమ నుంచి బయటికి అల్లే చిన్న చదరాలు, కలిపి చేసే సోఫా దుప్పటి మంచి గురువు. ఉచ్చులోంచి ఉచ్చు లాగి వేసే గొలుసు కుట్లు నాలుగింటిని వలయంగా కలిపి, అందులో సూదికి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్లు మూడేసి చొప్పున గుంపులు నాలుగు వేసి, మధ్యలో రెండేసి గొలుసులు ఉంచితే నాలుగు మూలలూ ఏర్పడతాయి. ఒక చదరం ఒక సాయంత్రంలో పూర్తవుతుంది, పాడైనా నష్టం ఆ ఒక్కదానికే. ఈ పొడుగు కుట్టును అమెరికా పుస్తకాలు డబుల్ క్రోషే అనీ, బ్రిటన్ పుస్తకాలు ట్రెబుల్ అనీ అంటాయి కనుక, నమూనా ఏ దేశానిదో ముందే చూసుకోవాలి.

శాలువా విషయంలో మాత్రం నా ఓటు నిట్టింగ్‌కే. అదే ఊలుతో అల్లినా క్రోషే బట్ట కాస్త మందంగా, బిగువుగా వస్తుంది. నిట్టింగ్ బట్ట భుజం మీద మెత్తగా జారుతుంది. మెడ దగ్గర కొద్ది కుట్లతో మొదలుపెట్టి, రెండు వరుసలకొకసారి రెండు అంచుల్లోనూ, నడుమ కుట్టుకు అటూ ఇటూ ఒక్కొక్కటి చొప్పున పెంచుతూ పోతే త్రికోణం తయారవుతుంది. ప్రతి వరుసా నిట్ కుట్టే (నిట్టింగ్‌లోని ప్రాథమిక కుట్టు) వేసే గార్టర్ అల్లిక అయితే అంచులు చుట్టుకుపోవు.

మన ఎండలకు ఊలు కంటే నూలు దారమే హాయి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసును గోదావరి తీరపు స్త్రీలు సన్నని నూలుతోనే, క్రోషే సూదితోనే అల్లుతారు.

క్రోషే ముందు నేర్చినవారికి నిట్టింగ్‌లో ఒక ధైర్యం ఉంటుంది. జారిన కుట్టును అదే కొక్కెంతో పట్టి, దాని పైన నిచ్చెన మెట్టులా కనిపించే అడ్డపోగును ఆ ఉచ్చులోంచి ఇవతలికి లాగి, ఒక్కో మెట్టే ఎక్కిస్తూ తిరిగి సూది మీదికి చేర్చగలరు.