వన్‌టౌన్ దారాల కొట్టు: కాటన్‌తో అల్లేవాళ్లు తప్పక చూడాలి

బెజవాడ ఎండలకి చేత్తో అల్లిన బట్టలేంటి అంటారు చాలామంది. ఊలు కాదండీ, కాటన్ దారంతో అల్లి చూడండి. వన్‌టౌన్ సందులో ఉన్న ఈ చిన్న కొట్టులో ముందంతా అక్రిలిక్ ఉండలే కనిపిస్తాయి. కాటన్ లోపలి అరలో ఉంటుంది, అడిగితేనే తీస్తారు. మా అమ్మాయి జీన్స్ మీదకి పొట్టి చేతుల టాప్ కోసం గచ్చకాయ రంగు తీసుకున్నాను. కొట్టాయన ప్రతి ఉండ చీటీ తిప్పి, అన్నీ ఒకే విడతలో రంగు వేసినవేనా అని లాట్ నంబర్ చూశాకే ఇచ్చారు. "లాట్ వేరైతే, రంగు ఒకటే అనిపిస్తుందమ్మా, అల్లాక చారలా తేలిపోద్ది" అన్నారు. అంత శ్రద్ధ ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతుంది!

కాటన్ ఊలులా సాగి వెనక్కి రాదు, బరువుకి కిందికి జారుతుంది. అందుకే 4 మి.మీ. సూదులతో ముందు చిన్న ముక్క అల్లి, ఉతికి ఆరేశాక 10 సెం.మీ.కి ఎన్ని కుట్లో లెక్కపెట్టి, దాన్నిబట్టే టాప్ కొలత వేసుకున్నాను. టాప్ చక్కగా అమరింది.

లోటు ఒక్కటే, వెదురు సూదులు లేవు. చెమట చేతులకి అవే హాయి. రెండు సూదుల్ని తీగతో కలిపిన తీగ సూదులున్నాయి గానీ ఆ తీగ బిరుసు, వేడినీళ్లలో ముంచితే మెత్తబడింది. బండి కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పెట్టి నడిచి వెళ్లండి.