రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే: ఎడ్మంటన్ చలిలో బ్లాక్ హీటర్

నా కారు మీద పెట్టిన ఖర్చులన్నిటిలో మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఒక్కటే, బ్లాక్ హీటర్. స్టార్ట్ చేసేముందే ఇంజిన్‌ని కరెంటుతో వెచ్చబరిచే పరికరం అది. ఇంట్లోంచే ఇంజిన్ ఆన్ చేసే రిమోట్ స్టార్ట్ ఉంది, మంచి బ్యాటరీ వేయించాను, అవీ పనికొచ్చేవే. కానీ వీటిలో ఒక్కటే ఉంచుకోమంటే హీటర్‌నే ఉంచుకుంటాను. బయట మైనస్ 30 ఉన్న పొద్దున కూడా తాళం తిప్పగానే ఇంజిన్ మూలగకుండా మొదటిసారే అందుకుంటుంది చూడండి, ఆ శబ్దం వింటే రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది. కెనడాలో మా ఎడ్మంటన్‌లో ఉండేవాళ్లకి బంపర్ కింద వేలాడే దాని ప్లగ్ ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా అనుభవంలోకి వస్తాను.

బ్యాటరీ బలం మైనస్ 18 దగ్గరే సగానికి పైగా పడిపోతుంది. అదే చలికి ఆయిల్ పేరిన నెయ్యిలా బిగుసుకుని ఇంజిన్ తిరగడానికి ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. హీటర్ కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌లో తిరిగే ద్రవాన్ని, వేడి చేస్తుంది, దాని వల్ల ఇంజిన్ బ్లాక్ వెచ్చబడుతుంది, లోపలి ఆయిల్ కూడా కొంత పలచబడుతుంది. ఇదంతా స్టార్ట్ చేయడానికి ముందే జరిగిపోవడంలోనే ఉంది గొప్పతనం. నేను అనుకోని లాభం ఇంకోటి దొరికింది. కూలెంట్ అప్పటికే వెచ్చగా ఉంటుంది కాబట్టి కారు లోపల వేడి గాలి తొందరగా వస్తుంది, ముందు అద్దం మీద పొగమంచు పట్టి తుడుచుకునే బాధ తగ్గుతుంది. వెనక సీట్లో చిన్నపిల్ల ఉన్నవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు.

మా పాప పుట్టినప్పుడు మామగారూ అత్తగారూ ఖమ్మం నుంచి వచ్చి ఆ చలికాలమంతా మాతోనే ఉన్నారు. మామగారు ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపిన మనిషి. "అల్లుడుగారూ, పది నిమిషాలు బండి అలా ఆన్‌లో ఉంచి కాస్త రేజ్ చేయండి, లేకపోతే జర్క్ కొడుతుంది" అనేవారు. ఆయన బండికి అది నిజమే. కార్బ్యురేటర్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగా ఆవిరి కాదు, చోక్ లాగి వేడెక్కేదాకా ఆగాల్సిందే. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ చలిని చూసి పెట్రోలు కొలత తనే పెంచుతుంది. అలా పెరిగిన పెట్రోలు చల్లటి సిలిండర్ గోడల మీద పూర్తిగా కాలకుండా కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే నిలబెట్టి ఎక్కువసేపు నడిపితే ఇంజిన్‌కి మేలు కన్నా కీడే ఎక్కువ, చల్లటి ఇంజిన్‌ని రేజ్ చేయడం మరీ చెడ్డది. పైగా గేర్‌బాక్స్, చక్రాల బేరింగ్‌లు, టైర్లు నిలబడితే వేడెక్కవు, కదిలితేనే వేడెక్కుతాయి. నేను స్టార్ట్ చేసి బెల్టు పెట్టుకుని, అద్దాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకుని బయల్దేరతాను. మొదటి కొన్ని కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కను. మామగారికి ఇదంతా వివరిస్తే, "ఏమో బాబూ, నాకైతే మనసొప్పదు" అన్నారు. తర్వాత పక్క సీట్లో కూర్చుని చూశాక మాత్రం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తాళం బండిలోనే వదిలి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఇంట్లోకి వెళ్లిపోయే అలవాటు ఇక్కడ ఇంకో రకంగా ప్రమాదం. అలాంటి బండ్లే దొంగలకి దొరుకుతాయి. కాల్గరీ పోలీసులు చలికాలంలో ఆపరేషన్ కోల్డ్ స్టార్ట్ పేరుతో వీధులు తిరిగి హెచ్చరించేది అందుకే. మూసిన గరాజ్‌లో ఆన్ చేసి ఉంచడమైతే ప్రాణానికే ముప్పు, పొగలో వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక నన్ను నిలబెట్టేసిన రోజు సంగతి. 2024 జనవరిలో ఇక్కడ చలి మైనస్ 40 కిందికి దిగింది. 13వ తేదీ శనివారం సాయంత్రం అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. రాష్ట్రంలో కరెంటు చాలడం లేదు, వాడకం తగ్గించండి, ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్, బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టడం వాయిదా వేయండి అని అలర్ట్. జనం వెంటనే స్పందించారు, నిమిషాల్లోనే వాడకం 200 మెగావాట్ల దాకా తగ్గింది. మేమూ ఆగి, రాత్రి బాగా పొద్దుపోయాక నేను కిందికి వెళ్లి ప్లగ్ పెట్టాను. ఎక్స్‌టెన్షన్ కేబుల్ చివర చిన్న దీపం వెలిగింది. నిశ్చింతగా పడుకున్నాను.

మర్నాడు స్నేహితుల ఇంట్లో సంక్రాంతి భోజనాలు. అరిసెల డబ్బా, పాప బ్యాగు అన్నీ సర్దుకుని దిగాం. తాళం తిప్పితే టక్ టక్‌మని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పక్క పార్కింగ్ స్టాల్‌లో ఉండే పంజాబీ పెద్దాయన కేబుళ్లు తెచ్చి తన బ్యాటరీ నుంచి బూస్ట్ ఇచ్చారు. అయినా ఇంజిన్ ఒక్క చుట్టు బరువుగా తిరిగి ఆగిపోయేది. "ప్లగ్ పెట్టిన ఇంజిన్ ఇలా ఉండదు, నీ హీటర్ పనిచెయ్యలేదు" అన్నారాయన. ఆయన తన బండి ఆన్‌లో ఉంచి అరగంట సేపు బ్యాటరీ ఎక్కనిచ్చాక గాని అది లేవలేదు. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది, ఆయిల్ అంతటా పాకేదాకా లోపలి నుంచి గరగర శబ్దం. నా కడుపులో తిప్పేసింది. భోజనాల వేళ దాటిపోయింది.

తర్వాత మెకానిక్ మీటర్ పెట్టి చూశాడు. 120 వోల్టుల మీద 500 వాట్ల హీటర్‌కి దగ్గర దగ్గర 29 ఓమ్‌ల రెసిస్టెన్స్ చూపించాలి. బంపర్ దగ్గరి ప్లగ్‌లో అసలేమీ చూపించలేదు. కేబుల్ ఊడదీసి నేరుగా హీటర్ పిన్నుల మీద పెడితే సరిగ్గా చూపించింది. హీటర్ బాగానే ఉంది, రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు దిగి కేబుల్ జాయింట్ పచ్చగా తుప్పు పట్టి తెగింది. ఆ దీపం చెప్పేది ఎక్స్‌టెన్షన్ దాకా కరెంటు వచ్చిందని మాత్రమే, హీటర్ తీసుకుంటోందని కాదు. అప్పటి నుంచి అక్టోబర్‌లోనే వాట్ మీటర్ మధ్యలో పెట్టి చూసుకుంటున్నాను. మీటర్ లేకపోతే ప్లగ్ పెట్టాక బానెట్ దగ్గర చెవి పెట్టండి. చాలా బండ్లలో కాసేపటికి సన్నగా చిటపట వినిపిస్తుంది.

టైమర్ పెట్టి బయల్దేరడానికి రెండు గంటల ముందు ఆన్ అయ్యేలా చేస్తే చాలని అందరూ చెబుతారు, నేనూ చాలామందికి చెప్పాను. 500 వాట్లు రెండు గంటలంటే ఒక్క యూనిట్టే. సొంత ఇల్లు ఉన్నవాళ్లకి అది సరిపోతుంది. కానీ మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కరెంటు కాసేపు ఇస్తారు, కాసేపు ఆపుతారు. అక్కడ నా టైమర్ రెండు గంటలకి నిజంగా అందేది గంటే. అందుకే మైనస్ 25 దాటితే టైమర్ తీసేసి రాత్రంతా ప్లగ్ ఉంచుతున్నాను. ఆఫీసు పార్కింగ్‌లో ప్లగ్గే లేదు, సాయంత్రం తిరుగు ప్రయాణానికి బ్లాక్ హీటర్ నాకు ఏ సాయమూ చేయదు. అప్పుడు పది నిమిషాల ముందు రిమోట్ స్టార్ట్ నొక్కడమే గతి. నిలబెట్టి వేడి చేయడం గురించి పైన అంత గట్టిగా రాశాను గానీ, మైనస్ 35లో మంచు గడ్డకట్టిన అద్దంతో ఎదురు కనిపించకుండా బండి తియ్యడం కన్నా ఆ కాస్త పెట్రోలు పోవడమే నయం.

బయట పార్కింగ్, తెల్లవారుజామున డ్యూటీ, పక్కనే ప్లగ్ ఉంటే కళ్లు మూసుకుని వేయించుకోండి. వేడి గరాజ్ ఉన్నవాళ్లకి దీనితో పనిలేదు. టొరంటోలో ఉండే మా తమ్ముడు నా మాటలు విని తన కారుకీ వేయిస్తానన్నాడు, వద్దన్నాను. అక్కడి చలికి 0డబ్ల్యూ-20 రకం పలచని ఆయిలూ మంచి బ్యాటరీ ఉంటే సరిపోతాయి. ఆ డబ్బుతో ముందు వింటర్ టైర్లు కొనుక్కోమని చెప్పాను.