స్ట్రోక్ వచ్చి తగ్గాక బీపీ ఎక్కడ చూపించుకోవాలి: ఆర్‌ఎంపీ దగ్గరా, ఆసుపత్రిలోనా, ఇంట్లోనా?

పక్షవాతం వచ్చి కోలుకున్న మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు తెగ అడుగుతున్నారు. బీపీ మిషన్ కొనాలా, ఊళ్లో ఆర్‌ఎంపీ చూస్తున్నాడుగా, చాలదా? నెలకోసారి నెల్లూరో ఒంగోలో వెళ్లినప్పుడు ఎలాగూ చూస్తారుగా? డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర, షుగరు అదుపు, బీడీ మానడం, వీటిలో ఏది మేలన్న పేచీ లేదు, అన్నీ చేయాల్సిందే.

ఆర్‌ఎంపీని తీసిపారేయను. పిలిస్తే వస్తాడు, డబ్బులు తర్వాత ఇచ్చినా ఏమనడు. కానీ ఆయన చూసే తీరు గమనించండి: అరుగు మీద కూర్చోబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టి, చెయ్యి కిందికి వేలాడుతుంటే "ఏం మామా, కోతలైనాయా" అని మాట్లాడిస్తూ గాలి కొడతాడు. మాట్లాడినా, చెయ్యి వేలాడినా పై నంబరు పది పాయింట్ల దాకా ఎక్కువ రావచ్చు. పదేగా అనకండి. 2001లో వచ్చిన ప్రోగ్రెస్ అధ్యయనంలో, అంతకుముందు స్ట్రోకో మినీ స్ట్రోకో (కాసేపట్లో దానంతటదే తగ్గిపోయేది) వచ్చిన 6,105 మందిని తీసుకుంటే, మందు వాడినవాళ్లకు బీపీ సగటున తగ్గింది పైన 9, కింద 4 మాత్రమే, దానికే మళ్లీ స్ట్రోక్ రావడం 28 శాతం తగ్గింది. కొలతలోనే అంత తేడా ఉంటే మందు పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆసుపత్రిలో కొలత బాగానే ఉంటుంది, చిక్కల్లా వేళతోనే. మా మామయ్య పొద్దున ఆరింటికి మాత్ర వేసుకుని కావలిలో బస్సెక్కేవాడు, పదకొండింటికి నెల్లూరులో చూస్తే 128/78, బ్రహ్మాండం అన్నారు. ఇంట్లో మిషన్ కొన్నాక, నిద్ర లేచి మాత్ర వేసుకోకముందు చూస్తే రోజూ 150 పైనే. తెల్లారేసరికి మాత్ర బలం అయిపోతోందన్నమాట. స్ట్రోక్ వచ్చినవాళ్లకు సాధారణంగా 130/80 లోపు ఉండాలంటారు. ఆ పొద్దుటి అంకెలు రాసుకెళ్లిన కాయితం చూసే డాక్టరు మందు మార్చారు. నేను ఇంటి మిషన్ వైపు మొగ్గింది ఇందుకే, ఆ పొద్దుటి నంబరు బయట దొరకదు.

కొని బీరువాలో పెడితే లాభం లేదు. మోచేతి పైన కట్టేదే కొనండి, మణికట్టుది వద్దు. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది, సైజు చూసుకోండి. పొద్దున్నే ఒంటేలుకు వెళ్లొచ్చి, మాత్రా టీ తీసుకోకముందు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మళ్లీ సాయంత్రం. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు వారం రోజులు ఇలా క్యాలెండర్లో రాసుకుంటే చాలు. ఎండుచేపల పులుసూ ఊరగాయా జోరుగా సాగిన వారం అంకెలు పైకి పోతున్నాయని మా అత్త ఆ క్యాలెండర్ చూసే కనిపెట్టింది. అదంతా ఉప్పు పనే. (మామూలు ఉప్పు బదులు సోడియం తక్కువ ఉప్పు వాడదామంటే, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడక్కుండా వాడొద్దు.) గుండె లయ తప్పేవాళ్లకు మిషన్ అంకెలు నిలకడగా రావు, వాళ్లకు ఆసుపత్రే నయం.

పై నంబరు 118 వచ్చిన రోజు మాత్ర మానేయొచ్చా అని కూడా అడుగుతున్నారు. ఆ 118 మాత్ర వల్లే వచ్చింది, మానొద్దు. పై నంబరు వరసగా 100 కంటే తక్కువ వస్తూ, లేవగానే కళ్లు తిరుగుతుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.