ఆకుపచ్చ వాంతులతో వెళ్లిన మా మనవడు: కాకినాడలోని ఈ పిల్లల సర్జరీ ఆసుపత్రి గురించి

పసిబిడ్డ పొట్టకి ఆపరేషన్ అంటే పిల్లల సర్జన్ దగ్గరికే తీసుకెళ్లాలి. ఈ ఆసుపత్రికి ఐదు స్టార్లు ఇస్తున్నది ముందుగా అందుకే. గదులూ సౌకర్యాల సంగతి తర్వాత.

మాది ముమ్మిడివరం పక్కన పల్లెటూరు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి పురుడు మా ఇంట్లోనే పోశాం. పురిటి స్నానం కాకముందే బాబు తాగిన పాలు తాగినట్టు కక్కడం మొదలెట్టాడు. ముందు తెల్లగా, సాయంత్రానికి ముదురు ఆకుపచ్చగా. దగ్గర్లో చూపిస్తే పాలు ఇమడటం లేదని చుక్కల మందు రాశారు. వియ్యపురాలు ఫోన్ చేసి దిష్టి తీయమన్నారు. ఆకుపచ్చగా ఉందంటే అది పైత్యరసం, పేగుకి ఎక్కడో అడ్డు పడి ఉండొచ్చన్నమాట. ఇంక ఆగలేక రాత్రికి రాత్రే ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ వచ్చేశాం.

ఇక్కడ సిస్టర్ అడిగిన మొదటి మాట "వాంతి ఏ రంగులో ఉందమ్మా?" అని. పచ్చగా అనగానే, అడ్వాన్సు కట్టకముందే సర్జన్‌ గారికి ఫోన్ వెళ్లింది, స్కానింగ్ జరిగింది. పేగులకి రక్తం తెచ్చే నాళాలు కొబ్బరి తాడు పురి పెట్టినట్టు మెలిపడి ఉన్నాయి. తల్లి కడుపులో ఉండగా పేగులు కొన్నాళ్లు బొడ్డుతాడులోకి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లేలోగా మొత్తం 270 డిగ్రీలు తిరిగి సర్దుకోవాలి. మా వాడికి ఆ తిరుగుడు పూర్తికాలేదు. ఇలాంటి మెలిక గంటల్లో విప్పకపోతే పేగు చచ్చిపోతుంది.

చేసిన ఆపరేషన్ పేరు లాడ్స్ ప్రొసీజర్. బాబు కుదుటపడ్డాక, ఈ లాడ్ ఎవరండీ అని అడిగాను. డాక్టరు గారు కుర్చీ చూపించి, ఓపీ అయిపోయాక తీరిగ్గా చెప్పారు. తర్వాత నేనూ చదువుకున్నాను.

విలియం లాడ్ 1880లో పుట్టిన అమెరికా సర్జన్. ఆ రోజుల్లో పెద్దవాళ్లకి కోసే చేతులే పసివాళ్లకీ కోసేవి. 1917 డిసెంబరులో కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి సుమారు 2,000 మంది చనిపోతే, ఆయన వైద్య బృందంతో అక్కడికి వెళ్లారు. గాయపడ్డ పిల్లల్ని చూశాకే పిల్లల సర్జరీ దారి పట్టారని చెబుతారు. కానీ అంతకుముందు నుంచే ఆయన బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఉన్నారు. అంతా ఆ ఒక్క ఘటనకే కట్టబెట్టడం నాకు సబబుగా తోచదు. 1927 నుంచి అక్కడి సర్జరీకి ఆయనే పెద్ద.

1936లో ఆయన ఈ పద్ధతిని వివరంగా ప్రకటించారు. మెలికని గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా విప్పుతారు. అక్కడితో ఆపకుండా, చిన్నపేగు మొదటి భాగాన్ని నొక్కుతున్న పొరల్ని కూడా కోస్తారు. ఆ పొరలకీ ఆయన పేరే ఉంది. తర్వాత చిన్నపేగుని కుడివైపు, పెద్దపేగుని ఎడమవైపు పరుస్తారు. అంటే పేగుని 'సరైన' చోటికి తేవడం కాదు, మళ్లీ మెలిపడని చోట ఉంచడం. ఇది విన్నప్పుడు ఆ మనిషి బుర్రకి దణ్ణం పెట్టాలనిపించింది. 1938లో లాడ్ ఊళ్లో లేనప్పుడు ఆయన దగ్గర పనిచేస్తున్న రాబర్ట్ గ్రాస్, ఏడేళ్ల పాపకి గుండె దగ్గర, పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం తెరుచుకునే ఉంటే దాన్ని కట్టేసి, గుండెజబ్బు ఉన్న పిల్లల ఆపరేషన్లకి తలుపు తీశాడు. డాక్టరు గారి గదిలో గోడ మీద ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి, అడిగితే ఆయన సంతోషంగా చెబుతారు.

ఇక ఆసుపత్రి. వార్డు శుభ్రంగా ఉంటుంది. తల్లిని బిడ్డ దగ్గరే ఉండనిస్తారు, పాలు పిండి దాచడానికి ఫ్రిజ్ ఉంది. పాలు మళ్లీ ఎప్పుడు, ఎన్ని మిల్లీలీటర్లతో మొదలెట్టాలో సిస్టర్లు కాగితం మీద రాసి మా అమ్మాయి చేతికిచ్చారు. లోపాలు కూడా చెప్పాలి: రాత్రి మందుల షాపు మూసేస్తారు, బయటికి పరిగెత్తాలి. డిశ్చార్జి బిల్లుకి పూట గడిచిపోయింది. క్యాంటీన్లో ఇడ్లీ ఫరవాలేదు, సాంబారు వద్దు.

ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇంటికెళ్లే ముందు ఒకటి అడగండి. సాధారణంగా ఇందులో అపెండిక్స్ కూడా తీసేస్తారు, పెద్దపేగు ఎడమవైపుకి వెళ్లిపోతుంది కాబట్టి రేపు ఆ నొప్పి వస్తే గుర్తుపట్టడం కష్టమని. తీశారో లేదో డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాయించుకుని, జిరాక్సు తీసి ఇంట్లో పెట్టుకోండి.