తొమ్మిదిలోనే మొదలుపెట్టడమా, ఆఖరి ఏడాది హడావుడా?

అమెరికా నగరాల పబ్లిక్ హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే నల్లజాతి పిల్లల్ని కాలేజీ జట్టులో ఆడే అర్హతకు రెండు రకాలుగా సిద్ధం చేస్తారు. కొన్నిచోట్ల తొమ్మిదో తరగతిలోనే కౌన్సెలర్ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తన పైస్థాయి డివిజన్ 1లో ఆడాలంటే అడిగే 16 కోర్ కోర్సుల్లో (తప్పనిసరి చదువు సబ్జెక్టుల్లో) ఆల్జీబ్రా ఎప్పుడు, సైన్స్ ఎప్పుడు అని రాసిపెడతారు. ఇంకొన్నిచోట్ల ఆట బాగుంటే చాలని ఎలాగోలా నెట్టుకొచ్చి, పన్నెండులో క్రెడిట్ రికవరీ క్లాసులకు, అంటే తప్పిన సబ్జెక్టుల్ని మళ్లీ పూర్తిచేయించే క్లాసులకు, పరిగెత్తిస్తారు. అసలు చిక్కు అక్కడే: ఆ 16లో 10 కోర్ కోర్సులు సీనియర్ ఏడాదికి, అంటే పన్నెండుకి, ముందే పూర్తవ్వాలి, వాటిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లోవే కావాలి, ఆ గ్రేడ్లు తర్వాత మార్చుకోవడానికి కుదరదు. కోర్ జీపీఏ, అంటే ఈ కోర్సుల గ్రేడ్ల సగటు, 4కి కనీసం 2.3 ఉండాలి. 2023లో ఎస్ఏటీ, ఏసీటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్షల షరతు ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు బరువంతా ఈ కోర్సుల మీదే. నా ఓటు మొదటి పద్ధతికే, కాకపోతే దానికి స్కూల్లో సరిపడా కౌన్సెలర్లు ఉండాలి, కోచ్ ఒక్కడి మీద వదిలేస్తే జరిగే పని కాదు.